ఖాళీ గడి మన పక్షాన మాట్లాడదు

గుడుపల్లె మన రాష్ట్రానికి ఒక కొసన ఉన్న మండలం. కుప్పం నియోజకవర్గంలోని ఈ పల్లెలకు ఒక పక్క కర్ణాటక, మరో పక్క తమిళనాడు చేరువ. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పటి నుంచి, ఇక్కడి ఉద్యోగులకు కూడా ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించడం నిత్యకృత్యమైంది. 2024 జనవరిలో రాష్ట్రంలో కులగణన మొదలైనప్పుడు గడప గడపకూ వెళ్ళింది వాలంటీర్లూ సచివాలయ సిబ్బందీయే. ఊరందరి లెక్కా రాసే ఈ ఉద్యోగి, తన కార్యాలయ పరిస్థితులను గురించి తననే ఎవరైనా అడిగినప్పుడు ఏమి చేస్తున్నాడన్నదే ఈ నెల మా ప్రశ్న.

వేతన సవరణ సంఘాలు ప్రశ్నావళులు పంపుతాయి. శాఖలు అప్పుడప్పుడు అభిప్రాయ సేకరణ చేస్తాయి. ఉద్యోగ సంఘాలూ, పరిశోధకులూ పత్రాలు పంచుతారు. వాటిని పక్కన పెట్టడం, లేదా అన్నిటికీ ‘బాగుంది’ అని గుర్తు పెట్టి పంపడం మన ఉద్యోగులలో చాలామందికి అలవాటు. ‘మనకెందుకు వచ్చిన గొడవ’ అన్న ఆ జాగ్రత్త వెనుక ఉన్న భయం మాకు తెలుసు. అయినా, ఆ మౌనానికి సముదాయం మొత్తం మూల్యం చెల్లిస్తున్నదని చెప్పక తప్పడం లేదు.

లెక్క లేనిచోట న్యాయం అడగడం ఎంత కష్టమో మన చరిత్రే చెబుతుంది. 2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక వచ్చేదాకా, ప్రభుత్వోద్యోగాలలో ముస్లింల స్థానం గురించి మనవద్ద ఉన్నవి ఎక్కువగా ఊహలే. దేశ జనాభాలో 13.4 శాతంగా ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమేనని ఆ నివేదికతోనే దేశానికి తెలిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జనాభా వాటా 9.2 శాతం కాగా, కమిటీకి అందిన వివరాల ప్రకారం రాష్ట్ర ఉద్యోగాలలో ముస్లింల వాటా 8.8 శాతం. చాలా రాష్ట్రాలకన్నా ఇది మెరుగు. మెరుగన్న సంగతి చెప్పడానికైనా, లోటన్న సంగతి చెప్పడానికైనా అంకెలే ఆధారమయ్యాయి. తరువాత తెలంగాణలో 2016లో నివేదిక ఇచ్చిన సుధీర్ కమిషన్, 23 శాఖల వివరాలు పరిశీలించి ముస్లిం ఉద్యోగులు 7.36 శాతమని తేల్చింది. అడిగినవారికి జవాబు దొరికిన మేరకే ఈ చిత్రాలు తయారయ్యాయి.

జవాబు బలహీనంగా ఉంటే ఏమవుతుందో కూడా మనం అనుభవించాం. వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో చేసిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ణయించడానికి జరిగిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన ఆక్షేపణలలో ఒకటి. ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల ఆసరాతో బీసీ-ఇ రిజర్వేషన్ నిలబడింది. ఆ కోటాలో కొలువు పొంది నేడు పల్లె సచివాలయాలలో, పాఠశాలలలో, ఆసుపత్రులలో పనిచేస్తున్న మన పిల్లలు ఈ సంగతి మరువరాదు. వారు కూర్చున్న కుర్చీ గట్టిదనాన్ని న్యాయస్థానం కొలిచినప్పుడు సర్వే పత్రాలను కూడా తూచింది.

అయితే ఎంతమంది ఉన్నారన్నది సగం సంగతే. రైల్వేలలో ముస్లింలు 4.5 శాతమని చెప్పిన సచార్ కమిటీయే, వారిలో 98.7 శాతం మంది కింది స్థాయి కొలువులలో ఉన్నారని కూడా చెప్పింది. కొలువులో చేరినవారికి పదోన్నతి సకాలంలో వస్తున్నదా, బదిలీలలో వివక్ష ఉన్నదా, పై అధికారి మాట తీరు ఎలా ఉన్నది, మహిళా ఉద్యోగికి తగిన మరుగుదొడ్డి అయినా ఉన్నదా అన్నవి హాజరు పట్టీ చెప్పలేదు. 2025 రంజాన్ మాసంలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందుగా ఇంటికి వెళ్ళవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సంతోషం. కానీ ఆ గంట ఎంతమందికి నిజంగా దక్కింది, ఎంతమంది అడగడానికే సంకోచించారు? ఈ సంగతి ఆ ఉద్యోగులు చెబితేనే తెలుస్తుంది.

ఇక భయం గురించి. పౌరసత్వ సవరణ చట్టం, పౌర పట్టికల వివాదం నాటి నుంచి ‘వివరాలు’ అన్న మాట వింటేనే మన ఇళ్ళలో ఆందోళన పుడుతున్నది. దానిని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. గుడుపల్లె వంటి చోట ఆ భయానికి మరొక కారణం కూడా ఉండవచ్చు. పదిమంది సిబ్బంది ఉన్న సచివాలయంలో ఒకే ఒక్క ముస్లిం సోదరి ఉన్నదనుకుందాం. పేరు అడగకపోయినా, హోదా, వయస్సు, మతం అని మూడు గడులు నింపితే ఆ పత్రం ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఆమెకు ధైర్యం చెప్పే ముందు, ఆమెను కాపాడే ఏర్పాటు ఉన్నదా అని మనం అడగాలి.

ఆ ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల అభిప్రాయాలను 2009 నుంచి ఏటా సేకరిస్తున్నారు. పదిమందికన్నా తక్కువమంది జవాబిచ్చిన విభాగం ఫలితాలను అక్కడ విడిగా బయటపెట్టరు. మన దేశంలోనూ 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం, ఆ చట్టం కింద సేకరించిన వివరాలను వ్యక్తుల గుర్తింపు తెలిసేలా ప్రచురించరాదంటున్నది. ఈ సూత్రాన్ని కార్యాలయాల సర్వేలన్నిటికీ వర్తింపజేయాలని మేము ప్రభుత్వాన్ని కోరుతున్నాం. మతం, కులం వంటి వివరాలతో కూడిన ఫలితాలను మండల స్థాయిలో గాక జిల్లా స్థాయిలోనే ప్రకటించాలి. నింపిన పత్రం పై అధికారి చేతి మీదుగా పోరాదు. ప్రశ్నావళి తెలుగులోనూ, 2022 నుంచి రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ఉన్న ఉర్దూలోనూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫలితాలు బయటపెట్టాలి. అడిగి మరచిపోయే ప్రభుత్వానికి రెండవసారి ఎవరు మాత్రం జవాబిస్తారు?

ఉద్యోగ సోదర సోదరీమణులకు మా విన్నపం ఇది. పత్రం అందగానే మూడు సంగతులు విచారించండి: అడుగుతున్నది ఎవరు, దేనికి, నా జవాబు ఎవరు చూస్తారు. సంతృప్తికరమైన సమాధానం దొరికితే తప్పక పాల్గొనండి. దొరకకపోతే సంఘం ద్వారా రాతపూర్వకంగా అడగండి. అది కూడా పాల్గొనడమే. సొంత ఫోనులో, తీరిక వేళ, పక్కవారి సలహా లేకుండా నింపండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. అధికారి మంచివాడైతే ఆ మాట రాయడానికీ వెనుకాడకండి. లేని బాధను కలిపిన పత్రం ఉన్న బాధకు కూడా విలువ లేకుండా చేస్తుంది. అభిప్రాయం రాసేచోట మీ పేరుగానీ, ఇతరుల పేర్లుగానీ రాయకండి. సర్వే ఫిర్యాదు కాదని కూడా గుర్తుంచుకోండి. లైంగిక వేధింపు జరిగితే 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి, అది లేనిచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

కుటుంబాలకు కూడా ఒక మాట. ‘కొలువు నిలుపుకో, నోరు మూసుకో’ అని మనమే ఇంట్లో నేర్పుతున్నాం. ఆ పాఠం ప్రేమతో చెప్పినదే. కానీ రేపు అదే కార్యాలయంలో అడుగుపెట్టబోయే మన అమ్మాయికి అక్కడి పరిస్థితి ఎవరు చక్కదిద్దుతారు? సాక్ష్యం దాచరాదని చిన్ననాటి నుంచి వింటూ పెరిగినవాళ్ళం మనం. ప్రశ్న మన ముందుకు వచ్చినప్పుడు నిజం రాయడం కూడా ఆ అమానతులో భాగమే. గుడుపల్లెలో ఒక ఉద్యోగి నింపిన ఒక్క పత్రం తానుగా దేనినీ మార్చకపోవచ్చు. కానీ అటువంటి పత్రాలు లేనప్పుడు, మనకు ఏ ఇబ్బందీ లేదని ప్రభుత్వం ధీమాగా చెప్పగలుగుతుంది. ఆ అవకాశాన్ని మన చేతులతో మనమే ఇవ్వవద్దు.