గాలిలో గంట.. నేలపై ఐదున్నర!

మధురపూడి-శంషాబాద్‌ ప్రయాణంలో కాలమంతా దారిలోనే

రాజమహేంద్రవరం: మధురపూడి విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు ఆకాశమార్గాన దూరం సుమారు 360 కిలోమీటర్లు. టికెట్‌పై చూపే ప్రయాణ సమయం గంటా పావుకు అటూ ఇటూ. అయినా అమలాపురంలో ఇల్లు కదిలిన ప్రయాణికుడు కూకట్‌పల్లిలోని బంధువుల ఇంటికి చేరేసరికి దాదాపు ఏడు గంటలు గడుస్తున్నాయి. విమానం ఎక్కినా కాలం ఎందుకు కలిసి రావడం లేదన్నది పరిశీలిస్తే లోపం ఆకాశంలో కాక నేలపైనే కనిపిస్తుంది.

లెక్క ఇదీ..

అమలాపురం నుంచి రావులపాలెం, రాజమహేంద్రవరం మీదుగా మధురపూడికి రెండుంపావు గంటలు పడుతుంది. సాధారణంగా బ్యాగుల కౌంటరును గంట ముందే మూసివేస్తారు కనుక గంటన్నర ముందు అక్కడ ఉండాలి. శంషాబాద్‌లో దిగి సామాను అందుకునేందుకు అరగంట, నగరంలోకి చేరేందుకు మరో గంటా పావు. విమానంలో గడిపే సమయాన్ని కలిపితే ఆరుముప్పావు గంటలు. 2023 జనవరిలో ప్రారంభమైన వందేభారత్‌ రైలు రాజమహేంద్రవరం నుంచి సికింద్రాబాద్‌కు సుమారు ఆరున్నర గంటల్లో చేరుస్తోంది. రాజమహేంద్రవరం వాసులకు విమానంతో రెండు గంటలకు పైగా ఆదా అవుతున్నా, కోనసీమ వాసులకు ఆ ప్రయోజనంలో చాలా భాగం రోడ్డుపైనే హరించుకుపోతోంది.

పెద్ద విమానమైనా అంతే

ఏటీఆర్‌ విమాన వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు, ఎయిర్‌బస్‌ వేగం 800 పైమాటే. ఇంత తక్కువ దూరంలో ఎత్తుకు చేరడానికి, దిగడానికే సమయం ఎక్కువ పోతుంది. అందువల్ల పెద్ద విమానం వచ్చినా మిగిలేది పావుగంటే. గన్నవరం నుంచి శంషాబాద్‌కు దూరం సుమారు 265 కిలోమీటర్లే అయినా ప్రయాణ కాలంలో తేడా స్వల్పమే. కాబట్టి భీమవరం, తాడేపల్లిగూడెం వాసులు గాలి దూరాన్ని కాక, ఏ విమానాశ్రయానికి రోడ్డు సుగమమో చూసుకోవడం మేలు.

ఎవరికి లాభం?

శంషాబాద్‌లో మరో విమానం ఎక్కేవారికి నగరంలోకి వెళ్లే పని లేదు. ఉపాధి కోసం గల్ఫ్‌ దేశాలకు వెళ్లే కోనసీమ వాసులకు సికింద్రాబాద్‌లో రైలు దిగి, సామానుతో శంషాబాద్‌ వెళ్లే ప్రయాస తప్పుతుంది. అయితే రెండు ప్రయాణాలకు వేర్వేరుగా టికెట్లు కొన్నవారు జాగ్రత్త వహించాలి. శీతాకాలపు ఉదయాన పొగమంచు వల్ల మొదటి విమానం ఆలస్యమైతే రెండోది చేజారి, అప్పు చేసి కొన్న టికెట్‌ వృథా అయ్యే ప్రమాదముంది.

దూరప్రయాణాల్లోనే విమానం విలువ పూర్తిగా తెలుస్తుంది. మధురపూడి రన్‌వేను 1,749 మీటర్ల నుంచి 3,165 మీటర్లకు పొడిగించిన ఫలితంగా 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీలకు నేరుగా సర్వీసులు ప్రారంభమయ్యాయి. సుమారు 1,360 కిలోమీటర్ల దూరంలోని ఢిల్లీకి రైలులో ఒక పగలు, ఒక రాత్రి మించి పడుతుండగా, విమానంలో రెండున్నర గంటలు చాలు.

ఈ విస్తరణకు పరిసర గ్రామాల రైతులు వందల ఎకరాలు ఇచ్చారు. ఆ భూములకు తగిన ఫలం డెల్టా అంతటికీ దక్కాలంటే అమలాపురం, కాకినాడ, తణుకుల నుంచి విమాన వేళలకు సరిపోయేలా బస్సులు నడవాలి. రన్‌వే పొడవుపై చూపిన శ్రద్ధను అధికారులు ఇక రోడ్డు ప్రయాణంపైనా చూపవలసి ఉంది.