పరువు ఖరీదెంత?

నయాగరా చూసొచ్చిన ఏ అమ్మనైనా అడగండి, జలపాతం గురించి గంటసేపు చెబుతుంది. ఖర్చు సంగతెత్తితే మాత్రం మాట మార్చేస్తుంది!

కెనడా వైపు ఊళ్లో మేం భోంచేసిన హోటల్లో బిల్లు అడుగున ‘టూరిజం ఇంప్రూవ్‌మెంట్ ఫీ’ అని ఉంది. పన్ను కాబోలనుకుని మా అల్లుడు డబ్బు తియ్యబోయాడు. నిజానికది గవర్నమెంటు పన్ను కాదు, వ్యాపారులు తమంతట తాము కలుపుకునేది. ‘ఇదెందుకు?’ అని సర్వర్ని నేనే అడిగాను. మారు మాట్లాడకుండా కొట్టేశాడు. మా అమ్మాయి మాత్రం, “పరువు తీశావమ్మా!” అంది.

ఎవరి పరువమ్మా? తోటకూర అమ్ముకునే ముసలమ్మతో రూపాయి కోసం గీచి గీచి బేరమాడితే పోని పరువు, డాలర్ల లెక్క అడిగితే పోతుందా?

ఒకప్పుడు అమెరికా వైపు జలపాతం చుట్టూ స్థలాలున్నవాళ్లు కంచెలు కట్టి, చూడ్డానికే డబ్బు గుంజేవారు. జనం నోరు విప్పి పోరాడితేనే న్యూయార్క్ రాష్ట్రం ఆ స్థలాలు కొని 1885లో అందరికీ తెరిచింది. ఈనాటికీ ఆ పార్కులోకి నడిచి వెళ్తే టిక్కెట్టు లేదు. పడవ ఎక్కడం, కారు నిలపడం లాంటివాటికే డబ్బు. కాబట్టి దారిలో ఎవరైనా టిక్కెట్టు అంటగట్టబోతే, దేనికని అడగండి. ధర చెబితే, ఏ దేశపు డాలర్లని అడగండి. రెండు డాలర్లూ ఒకటి కావు మరి!

మోసగాడికి పెట్టుబడి మన మొహమాటమే. జలపాతం చూసి ఎలాగూ నోరు తెరుస్తాం, బిల్లు చూసినప్పుడూ కాస్త తెరుద్దాం!