చర్లకు ఏ పుస్తకాలు పంపాలి?

పిల్లల పెంపకం మీద విదేశంలో ఉన్న మన ఇళ్లలో పుస్తకాలకు కొదవ లేదు. 1946 నాటి డాక్టర్ స్పాక్ పుస్తకం మొదలుకొని, పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పే ఫేబర్, మజ్లిష్‌ల 1980 నాటి పుస్తకం దాకా అల్మారాల్లో ఉన్నాయి. పిల్లలు ఎదిగిపోయాక వాటిని చర్ల వైపు అంగన్‌వాడీలకు పంపుదామన్న ఆలోచన మంచి మనసుతో వచ్చిందే. అయితే భద్రాచలం దాటి గోదావరి వెంట పైకి పోతే ఛత్తీస్‌గఢ్‌ను ఆనుకుని ఉండే ఆ మండలంలో పెట్టె విప్పి చదివేదెవరు? కోయ గూడెంలో తల్లీబిడ్డల మాట కోయ. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ వైపు నుంచి వచ్చి అడవిలో పాకలు వేసుకున్న గుత్తికోయల పిల్లలకు తెలుగు కూడా కొత్తే. ఇంగ్లీషు పుస్తకం అక్కడ బీరువాలో భద్రంగా ఉంటుంది, అంతే. చలం ‘బిడ్డల శిక్షణ’ పంపినా పెద్ద తేడా ఉండదు. అదీ చదువుకున్న తల్లిదండ్రుల కోసం రాసిందే.

ఆ పుస్తకాల్లోని విషయం తప్పని కాదు. బిడ్డ ఊ కొడితే బదులు పలకాలి, ఆడించాలి, చూపిన వస్తువు పేరు చెప్పాలి అన్న మాటకు గట్టి రుజువుంది. 1986–87లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. కొందరికి పోషకాహారం, కొందరికి ఆటపాటలు, కొందరికి రెండూ; మిగిలినవాళ్లకు ఏదీ లేదు. ఆటపాటలంటే, ఆరోగ్య కార్యకర్త వారానికో గంట ఇంటికెళ్లి, చేతితో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో తల్లికి చూపించడం. రెండేళ్లపాటు అలా చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆటపాటలు అందినవాళ్ల సంపాదన, అందనివాళ్లకన్నా సుమారు 25 శాతం ఎక్కువ. ఆహారం మాత్రమే అందినవాళ్లలో అంత మేలు నిలవలేదు. ఆ పద్ధతిని ముందుగా నేర్చుకున్నది కార్యకర్త. తల్లికి అది ఒక మనిషి నోట, చేతల్లో చేరింది.

జమైకా ఎక్కడ, చర్ల ఎక్కడ అనవచ్చు. ఇదే పద్ధతిని దగ్గర్లోని ఒడిశాలో 192 గ్రామాల్లో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఇంటింటికీ వెళ్లినా, తల్లులను ఒకచోట కూర్చోబెట్టినా పిల్లలకు ఇంచుమించు ఒకే మేలు జరిగింది. రెండోదానికి ఖర్చు చాలా తక్కువ. చర్ల ఉన్న తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం చేస్తున్నారు. వాళ్లను పిలవడానికి వేరే సభ అక్కర్లేదు, అన్నం తిన్నాక అరగంట చాలు. కానీ ఆ అరగంట టీచరు నెత్తిన వేయకూడదు. బరువులు తూచడం, బాలామృతం పంచడం, రిజిస్టర్లు, ఫోన్‌లో నమోదులతోనే ఆమెకు పొద్దు గడిచిపోతుంది. గూడెంలోనే కోయ మాట్లాడే ఒక యువతికి శిక్షణ, నెలనెలా జీతం ఇవ్వాలి.

కోయ తల్లికి బిడ్డను పెంచడం మనం నేర్పాలా అన్న అభ్యంతరం న్యాయమైనదే. చంకన బిడ్డతో రోజంతా గడిపే తల్లికి ఏ పుస్తకమూ పాఠం చెప్పనక్కర్లేదు. చిక్కల్లా తునికాకు రోజుల్లో, మిర్చి కోతల్లో ఆ బిడ్డ ఆరేళ్ల అక్క చేతిలో ఉండిపోవడంతోనే. కాబట్టి ఆ అక్కకూ, ముసలమ్మకూ తెలిసిన ఆటల్నీ పాటల్నీ సేకరించి వాడుకోవాలి. ఎలాగూ తెలుగు నేర్చుకోక తప్పదు, మళ్లీ కోయ ఎందుకని అడిగేవారు మాత్రం మన ఆదివారం తెలుగు తరగతులను ఒక్కసారి తలచుకోవాలి. ఇంటి భాష బలపడితే బడి భాషకు అడ్డు రాదని ఇక్కడ మనమే కదా వాదిస్తున్నాం! పైగా ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003–04 ప్రాంతంలోనే ఎనిమిది గిరిజన భాషల్లో పాఠాలు మొదలయ్యాయి, వాటిలో కోయ ఒకటి. పుస్తకాలు తెలుగు లిపిలోనే వేశారు.

అందుకని మన సంఘం ఈ ఏడాది పుస్తకాల రవాణాకు తీసిపెట్టిన డబ్బుతో పెట్టెలు పంపవద్దని మా ప్రతిపాదన. డేవిడ్ వెర్నర్ పుస్తకం ‘వైద్యుడు లేని చోట’గా తెలుగులోకి వచ్చి గ్రామ కార్యకర్తలకు పనికొచ్చినట్టు, పసిపిల్లల ఆటపాటల మీద, బెదిరిపోయి మాట మానేసిన బిడ్డను దగ్గరకు తీయడం మీద బొమ్మలతో ఒక చిన్న పుస్తకం కావాలి. కోయలో, తెలుగు లిపిలో, కోయవాళ్లే కూర్చి రాసినది. మిగిలిన సొమ్ము ఆ యువతుల జీతాలకు పోవాలి. ఒక్క ఏడాదికి కాదు, కనీసం మూడేళ్లకు. పెట్టెలే పంపాలనుకునే సభ్యులు తమ వాదన రాసి పంపితే వచ్చే సంచికలో ఇదే పేజీలో వేస్తాం.