ముప్పై శాతం ముందు కసరత్తు
పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అనగానే మన పిల్లలు ప్రశ్నలు, జవాబులు బట్టీ పడుతున్నారు. అది వృథా శ్రమ. 2024లో యూజీసీ తెచ్చిన పద్ధతిలో, జేఆర్ఎఫ్ లేకుండా నెట్ అర్హతతో చేరేవారికి స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంది. ఆ 30 శాతంలో ప్రొఫెసర్లు చూసేది ఆలోచన నడిచే తీరునే. అనంతపురం వేరుశనగ రైతుల అప్పులపై పరిశోధన చేస్తానంటే, ‘ఆ జిల్లానే ఎందుకు? లెక్కలు ఎక్కడ సేకరిస్తారు? మీ వాదన తప్పయితే ఎలా తేలుతుంది?’ అని అడుగుతారు. వీటికి గైడుల్లో జవాబు దొరకదు. అందుకే ప్రతిపాదన రాయగానే, ఆ సబ్జెక్టు తెలియని స్నేహితుడికి దాన్ని తెలుగులో వివరించాలి. అతను ‘అదెలా?’ అన్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ భాగాన్ని తిరగరాయాలి. చేరబోయే శాఖలోని అధ్యాపకుల వ్యాసాలు రెండైనా క్షుణ్ణంగా చదవాలి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని ఒప్పుకుని, ఎలా తెలుసుకుంటారో చెప్పగలగాలి. ఇంట్లో దారి చూపేవారు లేని మొదటితరం విద్యార్థులకు ఈ సాధన చేయించాల్సిన బాధ్యత పీజీ కళాశాలలది. ఏటా మాక్ ఇంటర్వ్యూలు పెట్టి తీరాలి.