వయ్యారిభామను వట్టి చేతులతో పీకించేదెవరు?

గోరంట్ల నుండి కదిరి పోయే రోడ్డు వెంబడి నాలుగు వానలు పడితే చాలు, తెల్లపూల మొక్క మోకాలెత్తున లేస్తుంది. ఆకు మాచిపత్రి మాదిరి చీలి ఉంటుంది, కాడ మీద గీతలు, నూగు, కొసన మెతుకంత తెల్లపూలు గుత్తులుగా. ఇదే వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అన్నా ఇదే. పక్కనే నేలబారున పాకి, పొడుగాటి కాడపై ఒంటిపువ్వు పూసే పసుపుమొగం గడ్డిచామంతి వేరు. కొడవలి తెగినప్పుడు మనం పసరు పిండుకునేది దానిదే. కోపంలో దాన్ని పీకొద్దు.

వయ్యారిభామ పసరు, పుప్పొడి తగిలితే కొందరికి దద్దులు, కొందరికి తుమ్ములు, ఆయాసం. పట్టుకుంటే ఏళ్లతరబడి వదలదు. నా మోచేతుల మీద తోలు మందమెక్కితే గజ్జి అనుకొని మూడేళ్లు గంధకం పూసుకున్నాను. గట్ల మీద రోజంతా పీకే ఆడకూలీల సంగతి చెప్పాలా?

ఇది కూలోళ్ల దురద మాత్రమేనని రైతులు అనుకోరాదు. దీని దగ్గర పచ్చిగడ్డి ఎదగదు. పసరాలు ముట్టవు, మేస్తే పాలు చేదు. 2000 ఖరీఫులో, మనం ఇంకా అనంతపురం జిల్లాలో ఉన్ననాడు, శెనక్కాయకు కాండం కుళ్లు వైరసు సోకి సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరసును ఏ జబ్బూ పైకి చూపకుండా మోసింది ఈ మొక్కే. పుప్పొడి గాలికి శెనగాకు మీద పడుతుంది, తామరపురుగు ఆకు గీకినచోట వైరసు లోపలికి పోతుంది. గట్టు మీది కలుపని వదిలేసింది చేనునే తినింది.

మెక్సికో నుండి తెచ్చి 1984లో బెంగుళూరులో వదిలిన పెంకుపురుగు దీని ఆకు తింటుంది. వానలున్నన్నాళ్లే దాని సేద్యం, ఎండలకు మట్టిలో దూరుతుంది. పురుగును నమ్ముకొని కూర్చుంటే ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది.

కాబట్టి పీకాల్సిందే, పూతకు ముందే. మొలిచిన నెల, నెలన్నరకే పూస్తుంది గనుక తొలివానల వెంటనే పని పెట్టాలి. రోడ్డు పక్కది రైతు భూమి కాదు, అక్కడి ఖర్చు పంచాయతీ, రోడ్ల శాఖ భరించాలి. గ్లౌజులు, మూతికి గుడ్డ, సబ్బు ఇవ్వకుండా ఏ మేస్త్రీ పిలిచినా పోవద్దు. పూర్తి కూలి ముందే మాట్లాడుకోండి. ఇంతకుముందే దద్దులున్నవాళ్లను ఈ పనికి పంపొద్దు, వాళ్లకు వేరే పని అడగండి.

పూత రానిది ఎరువుగుంతలో వేయవచ్చు. పూసినదాన్ని వేస్తే మాత్రం ఎరువుతోబాటు విత్తనమూ మళ్లీ చేలోకే పోతుంది.