అల్లేది ఇల్లాలు, ధర కట్టేది షావుకారా?

ఇంటిపట్టున చేసే చేతిపనుల మాటెత్తితే చాలు, "పాతరోజుల్లో ఎంత బాగుండేదో" అంటారు. ఆ మాట పూర్తిగా నమ్మేముందు ఐర్లండ్ దేశపు చిన్నరైతుల సంగతి వినండి.

ఆ దేశానికి వాయవ్యాన డొనెగాల్ జిల్లా ఉంది. సముద్రపు ఒడ్డున రాతినేల. ఇంటికో చిన్న చెలక, కాస్త ఆలుగడ్డ పంట, నాలుగు గొర్రెలు. ఈపాటి కమతంతో వంద, నూటయాభై ఏళ్ల కిందట అక్కడ ఇల్లు గడిచేది కాదు. కోతల కాలంలో మగవాళ్లు స్కాట్లండ్‌కు వలసపోయేవారు. ఆడవాళ్లు ఉన్ని మేజోళ్లు అల్లేవారు. ఉన్ని వడికి, మగ్గం మీద ట్వీడ్ అనే దళసరి బట్ట నేసే ఇళ్లూ ఉండేవి.

పనితనానికి లోటు లేదు. మరి చిక్కెక్కడ? మేజోళ్లకు ఉన్ని దారం షావుకారుది. దానికోసం ఆడవాళ్లు మైళ్లకొద్దీ నడిచి వెళ్లేవారు. అల్లి తెచ్చాక చేతికి డబ్బు వచ్చేది కాదు. కొట్లోని టీపొడీ సరుకులూ ఇచ్చేవాడు. కూలి లెక్కా ఆయనదే, సరుకు ధరా ఆయనదే!

డన్‌లో ప్రాంతపు చిన్నరైతు పాట్రిక్ గాలహర్‌కు దీన్నుంచి బయటపడే దారి ఎరువుల బస్తా దగ్గర దొరికింది. ఎవరికివారు కొంటే ఎక్కువ ధర, సంఘంగా కొంటే తక్కువ ధర అని గమనించాడు. 1906లో ఇరుగుపొరుగు రైతులతో కలిసి టెంపుల్‌క్రోన్ సహకార సంఘం పెట్టాడు. వ్యాపారులు అడ్డుపడ్డారు. అయినా సంఘం నిలిచింది. కొట్టు తెరిచింది, రైతుల దగ్గర గుడ్లు కొన్నది. తరవాత అల్లిక మిల్లు నడిపి ఆడపిల్లలకు కూలి రొక్కంగా ఇచ్చింది. ఆ సంఘం నేటికీ నడుస్తోంది.

మరి పేరొస్తే చాలదా అంటారేమో! డొనెగాల్ ట్వీడ్ పేరు దేశదేశాల్లో తెలుసు. అయినా ఇటీవలి సంవత్సరాల్లో ఐర్లండ్ గొర్రెల రైతుకు ఉన్ని అమ్మితే కత్తిరింపు కూలి కూడా గిట్టలేదు. ఆ ట్వీడ్‌కు వాడే ఉన్నిలో చాలాభాగం బయటిదేశాలదే. బట్టకు పేరొచ్చినంత మాత్రాన గొర్రెను పెంచినవాడికి డబ్బు రాదు.

కాబట్టి "మీ ఆడవాళ్లకు ఇంట్లోనే పని ఇప్పిస్తాం" అంటూ ఎవరైనా మీ ఊరొస్తే, సంతోషించేముందు మూడు మాటలు అడగండి. ముడిసరుకు ఎవరిది? ధర కట్టేదెవరు? డబ్బు ఎప్పుడు, ఎవరి చేతికిస్తారు? జవాబు సరిగా రాకపోతే ఒంటరిగా ఒప్పుకోకండి. పదిళ్లవాళ్లూ కలిసి బేరమాడండి. ఎరువుకైనా, అల్లికకైనా లెక్క ఒకటే.