దోలఖా కరెంటుకు దారి ఇవ్వండి

కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్‌లాల్ గారికి,

2024 అక్టోబరు 3న కఠ్మాండూలో నేపాల్, భారత్, బంగ్లాదేశ్ విద్యుత్ సంస్థలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 దాకా నేపాల్ 40 మెగావాట్లు బంగ్లాదేశ్‌కు అమ్ముకోవచ్చు. ధర యూనిట్‌కు 6.4 అమెరికన్ సెంట్లు, దారి మన గ్రిడ్. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లు కాబట్టి ఇది పిసరంత కరెంటే. అయినా సంతోషించాను. మన ఉపఖండంలో ఒక దేశం సరుకు రెండో దేశం మీదుగా మూడో దేశానికి వెళ్లడం చిన్న విషయమా?

లైను లేకపోతే ఏమవుతుందో మా తెలుగువాళ్లకు బాగా తెలుసు. 2012-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఇచ్చారు. దేశంలో వేరేచోట కరెంటు దొరికినా ఇక్కడికి తెచ్చుకునే లైన్లు చాలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ లైనుతోగానీ దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌లో కలవలేదు. నేపాల్‌ది ఇంకా ఘోరం, చలికాలంలో రోజుకు 16 గంటలకు పైగా కోతలు పెట్టిన రోజులున్నాయి. ఆ చీకటి పోవడంలో మన ముజఫర్‌పుర్ నుంచి నేపాల్‌లోని ఢల్కేబర్‌కు 2016లో మొదలైన లైను చేసిన మేలు పెద్దది. ఆ ఘనత మనకు దక్కాల్సిందే.

ఇక అసలు విషయానికి వస్తాను. నేపాల్‌లోని దోలఖా జిల్లాలో 456 మెగావాట్ల ఎగువ తామాకోశి జలవిద్యుత్ కేంద్రం 2021లో మొదలైంది. పెట్టుబడి నేపాలీలదే. అక్కడి ఉద్యోగుల భవిష్యనిధి డబ్బు అందులో ఉంది, దోలఖా జనానికి 10 శాతం వాటా ఉంది. టర్బైన్లు ఆస్ట్రియా కంపెనీవి, నీటి గేట్ల పని మన కలకత్తా కంపెనీది. సొరంగాలు, కాంక్రీటు మాత్రం చైనా కాంట్రాక్టరు చేశాడు. ఆ కరెంటు ఎగుమతికి నేపాల్ అనుమతి అడిగితే, ఆ చైనా పని వల్లే మనవాళ్లు ఇవ్వలేదు. 2021లో మన విద్యుత్ ఎక్స్ఛేంజిలో నేపాల్‌ను అమ్ముకోనిచ్చిన మొట్టమొదటి 39 మెగావాట్లు మన సాయంతో కట్టిన త్రిశూలి, దేవీఘాట్ జలవిద్యుత్ కేంద్రాలవి.

చైనా మీద అనుమానం ఉండటాన్ని నేను తప్పుపట్టను. డ్యాముకు చైనా యజమాని ఉంటే ఆలోచించండి, గ్రిడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో చైనా చెయ్యి ఉంటే కచ్చితంగా ఆపండి. సొరంగం తవ్వి కూలి తీసుకుని వెళ్లిపోయినవాడితో మనకేం ప్రమాదం? మన సోలార్ పార్కుల్లో ఎన్ని ప్లేట్లు చైనావో మీ శాఖకు తెలియనిది కాదు.

ఇందులో మన లాభమూ ఉంది. హిమాలయ నదులు వానాకాలంలో పొంగుతాయి, చలికాలంలో చిక్కిపోతాయి. అప్పుడు నేపాల్, భూటాన్ రెండూ మన దగ్గరే కరెంటు కొంటాయి. మనకేమో మధ్యాహ్నం ఎండకు సోలార్ పొంగిపొర్లుతుంది, పొద్దుగూకాక కొరత. పగలు మనం పంపి సాయంత్రం వాళ్ల దగ్గర తీసుకుంటే ఆ మేరకు బ్యాటరీల ఖర్చు తగ్గుతుంది. నేపాల్ దిగుమతి చేసుకునే కొత్త కార్లలో మూడింట రెండొంతులకు పైగా కరెంటువే. కాబట్టి మనం అక్కడికి పంపే పెట్రోలుకు గిరాకీ ఎల్లకాలం ఉండదు. ఆ కరెంటు కార్లలో ఎక్కువ చైనావే అయినా వాటికి ఎక్కించే కరెంటు మనది కావచ్చుగా!

భూటాన్‌లో మనం ఇలా అడ్డుపడలేదు. అక్కడి చుఖా జలవిద్యుత్ కేంద్రానికి 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు ఇచ్చి కట్టించి, మిగులు కరెంటు మనమే కొన్నాం. ఆ దేశ ఖజానాకు అదే పెద్ద ఆదరువైంది.

2024 జనవరిలో నేపాల్ నుంచి పదేళ్లలో 10,000 మెగావాట్లు కొంటామని రాసిచ్చాం. ఒక్కో ప్రాజెక్టు ఫైలూ పట్టుకుని ఢిల్లీ చుట్టూ తిరగాలంటే అది జరిగే పని కాదు. అనుమతికి గడువు పెట్టించండి, కాదంటే కారణం రాసివ్వమనండి. కాంట్రాక్టరు ఎవరన్నది వదిలేసి యజమాని ఎవరో చూడమని స్పష్టంగా ఆదేశించండి. బంగ్లాదేశ్‌కు వెళ్లే కరెంటుకు దారి సుంకం ఎంతో ముందే ప్రకటించండి. మొదటగా తామాకోశి ఫైలు తెప్పించుకుని చూడండి.

ఇట్లు,
ఒక తెలుగు విద్యుత్ వినియోగదారు